ఎక్స్‌రేకు అందని హింస

పిల్లల మీద జరిగే హింసలో దెబ్బ ఒక రకం మాత్రమే. చెయ్యి విరిగితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. వాత పెడితే మచ్చ మిగులుతుంది. కానీ పొద్దున లేస్తే ‘నువ్వు పుట్టాకే మా బతుకు ఇట్లా అయింది’ అనిపించుకునే పాపకు, జ్వరం వచ్చి మూడు రోజులైనా ఎవరూ నుదుటి మీద చెయ్యి వేసి చూడని బాబుకు చేయించదగ్గ రక్తపరీక్ష ఏదీ లేదు. మొదటిదాన్ని మానసిక హింస అంటారు, రెండోదాన్ని నిర్లక్ష్యం. రెండూ ఇంటి నాలుగు గోడల మధ్య సాగేవే అయినా, బయటి కంటికి చిక్కే చోట్లు కొన్ని ఉన్నాయి. బడి ఒకటి, అంగన్‌వాడీ ఒకటి. మూడోది ఆస్పత్రిలోని ఎమర్జెన్సీ విభాగం, జనం నోట క్యాజువాలిటీ. బడి మాన్పించిన పిల్లను, ఇరుగుపొరుగుతో కలవనివ్వని పిల్లను సైతం ఏదో ఒక రాత్రి అక్కడికి ఎత్తుకు రాక తప్పదు.

పిల్లల పట్ల జరిగే దుర్వ్యవహారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో శారీరక, లైంగిక, మానసిక హింసలు, నిర్లక్ష్యం, దోపిడీ అని విడదీసి చెప్పింది. ఇందులో మానసిక హింస అంటే విసుగొచ్చి ఒకసారి కసరడం కాదు. పిల్లను పదేపదే కించపరచడం, వదిలేసి పోతామని బెదిరించడం, ఇంట్లో జరిగే ప్రతి చెడుకూ ఆ ఒక్క పిల్లనే కారణం చేయడం, వయసుకు మించిన పని, బాధ్యత నెత్తిన పెట్టడం, తల్లిదండ్రుల తగాదాలో రాయబారిగా వాడుకోవడం దీని కిందికి వస్తాయి. తండ్రి తల్లిని కొడుతుంటే చూస్తూ పెరగడం కూడా వస్తుంది. తిండి, బట్ట, వైద్యం, చదువు, కాపలా ఇవ్వగలిగి ఉండీ ఇవ్వకపోవడం నిర్లక్ష్యం. ‘ఇవ్వగలిగి ఉండీ’ అన్న షరతు ఇక్కడ చాలా బరువైనది.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో పనిచేసిన మనోవైద్యురాలు డాన్యా గ్లేజర్ 2002లో మానసిక హింసను ఐదు తరగతులుగా విభజించారు. ఎమర్జెన్సీ సిబ్బందికి ఆ ఐదు పేర్ల కన్నా వాటి వెనకున్న ఆలోచన ఎక్కువగా పనికొస్తుంది. మానసిక హింస ఏదో ఒకనాడు జరిగిపోయే సంఘటన కాదు, పెద్దకూ బిడ్డకూ మధ్య రోజూ నడిచే తీరు. హాని చేయాలన్న ఉద్దేశం పెద్దవాళ్లకు ఉండనక్కర్లేదు. పైగా ఆ తీరు కంటికి కనిపిస్తుంది. లైంగిక హింసలా చాటున దాగదు, నలుగురిలో కూడా బయటపడుతూనే ఉంటుంది. చూసేవాళ్లు దాన్ని చూసినట్టు గుర్తించాలి, అంతే.

వైద్యం ఈ సంగతిని ఆలస్యంగా ఒప్పుకుంది. 1946లో అమెరికన్ రేడియాలజిస్టు జాన్ కాఫీ ఆరుగురు పసిపిల్లల్లో మెదడు పొర కింద రక్తం చేరడం, కాళ్లూ చేతుల ఎముకలు విరగడం రెండూ కలిసి కనిపిస్తున్నాయని రాశారు. 1962లో డెన్వర్ డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు ఆ దెబ్బలకు కారణం ఇంట్లోని పెద్దలేనని తేటతెల్లంగా చెప్పాకే, డాక్టర్లు ఇలాంటి కేసులను ప్రభుత్వానికి తెలియజేయాలన్న చట్టాలు అమెరికా రాష్ట్రాల్లో వరసగా వచ్చాయి. అదంతా ఒంటి మీది దెబ్బల గురించే. మాట వల్ల కూడా ఒళ్లు చెడుతుందనడానికి రుజువు మాత్రం అంతకు ముందే, ఎవరూ వెతకని చోట దొరికింది.

బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ 1948లో, యుద్ధంతో చితికిపోయిన జర్మనీలో, రెండు అనాథాశ్రమాల పిల్లలను ఏడాదిపాటు పదిహేను రోజులకోసారి తూచారు. మొదటి ఆర్నెల్లు రెండుచోట్లా ఒకటే రేషన్. తర్వాతి ఆర్నెల్లు ఒక ఆశ్రమానికి రొట్టె, జామ్, నారింజ రసం అదనంగా ఇచ్చారు. తిండి పెరిగినచోట పిల్లలు బాగా ఎదగాలి కదా. జరిగింది తలకిందులు. అదనపు తిండి అందినచోటే ఎదుగుదల వెనకబడింది. ఆరా తీస్తే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కఠినమైన మేట్రన్ అవతలి ఆశ్రమం నుంచి ఈ ఆశ్రమానికి మారిందని తేలింది. పిల్లలు భోజనాలకు కూర్చునే వేళనే ఎంచుకుని, తప్పు చేసినవాళ్లను అందరి ముందూ తిట్టిపోయడం ఆమె అలవాటు. ఎదురుగా తిండి ఉన్నా పిల్లల గొంతు దిగేది కాదు. ఆమెకు ఇష్టులైన కొద్దిమంది పిల్లలు ఆమెతోపాటే వచ్చారు, వాళ్లు మాత్రం బాగా బరువెక్కారు. 1951లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన ఈ ఫలితాలు ఇప్పటికీ పిల్లల డాక్టర్లకు పాఠమే.

1967లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి డాక్టర్లు 13 మంది పిల్లల గురించి రాసింది దీన్ని బలపరిచింది. చూడడానికి పిట్యూటరీ గ్రంథి పనిచేయక పొట్టిగా ఉండిపోయిన పిల్లల్లాగే ఉన్నారు. ఇళ్లలో చెత్తబుట్టలోంచి ఏరుకుని తినడం, టాయిలెట్ నీళ్లు తాగడం లాంటి అలవాట్లు కనిపించాయి. ఆస్పత్రిలో ఉంచాక హార్మోన్ ఇంజెక్షన్ ఒక్కటీ ఇవ్వకుండానే పిల్లలు ఎదగడం మొదలుపెట్టారు. ఇల్లు మారడమే మందయింది. ఎదుగుదల ఆగిన పిల్లకు పరీక్షలు చేయించే డాక్టర్ ఇంటి సంగతి కూడా అడగాలన్న నియమానికి పునాది ఇలాంటి పరిశీలనలే.

ఎమర్జెన్సీ గదికి ఒక అననుకూలత ఉంది, ఒక అనుకూలతా ఉంది. సర్కారు ఆస్పత్రి క్యాజువాలిటీలో శనివారం సాయంత్రం ఒక హౌస్ సర్జన్‌కు ఒక పిల్లతో గడపడానికి దొరికేది కొద్ది నిమిషాలు. ఊపిరాడని పిల్ల పక్కన ఉండగా, మాట్లాడని పిల్ల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అయితే అక్కడికి ఎవరూ ముందే సిద్ధపడి రారు. కంగారులో, కోపంలో, నిద్రమత్తులో పెద్దవాళ్లు మామూలుగా ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉంటారు. పైగా అక్కడ నిరీక్షణ ఎక్కువ. రిపోర్టు కోసం గంట సేపు బెంచీ మీద కూర్చున్న తండ్రీకూతుళ్లను డాక్టర్ కన్నా స్టాఫ్ నర్సు, నర్సు కన్నా ఆయా ఎక్కువ చూస్తారు. 108 అంబులెన్స్ టెక్నీషియన్ అయితే ఏకంగా ఆ ఇల్లే చూసి ఉంటాడు. మంచం కింద మందు సీసాలున్నాయా, పిల్ల ఒంటరిగా దొరికిందా, పక్కింటివాళ్లు ఫోన్ చేశారా అన్నది అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అతన్ని అడిగే అలవాటే మన ఆస్పత్రుల్లో తక్కువ.

ముందు పిల్లను చూడాలి. రెండేళ్ల బిడ్డ సూది చూస్తే ఏడుస్తుంది, కొత్త మనిషి చెయ్యి వేస్తే అమ్మ కొంగు పట్టుకుంటుంది. ఈ రెండూ లేకపోతే ఆగి చూడాల్సిందే. కొందరు పిల్లలు కదలకుండా, చప్పుడు చేయకుండా, కళ్లు మాత్రం పెద్దవాళ్ల ముఖాల మీదే నిలిపి ఉంటారు. ఎదుటి మనిషి మూడ్ ఎటు తిరుగుతుందో కనిపెట్టడం ఆ పిల్లలకు బతుకుతెరువు అయి ఉంటుంది. ఇంకొందరు దీనికి పూర్తి విరుద్ధం. ఇప్పుడే పరిచయమైన నర్సు ఒళ్లో ఎక్కి కూర్చుని ‘అక్కా, నేను మీ ఇంటికొస్తా’ అంటారు. చూసినవాళ్లు ముద్దుగా ఉందనుకుంటారు, కానీ ఎవరైతేనేం కాస్త దగ్గరికి తీస్తే చాలన్న ఆకలి అది. అదేపనిగా ఊగుతూ ఉండడం, వయసుకు తగని పెద్దరికం, ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చే ముందు తోడొచ్చిన మనిషి వైపు చూడడం కూడా గమనించదగినవే. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ, ఎదుగుదల ఆలస్యం ఉన్న పిల్లలు ఇలాగే కనబడవచ్చు. నొప్పితో బిగుసుకుపోయిన పిల్ల కూడా మాట్లాడదు. ఒంటిరోగం లేదని తేల్చుకోవడం డాక్టర్ మొదటి పని.

తర్వాత చూడాల్సింది పిల్లకూ పెద్దకూ మధ్య నడిచేది. తెలుగు ఇళ్లలో తిట్లకు కొదవ లేదు. తల పగిలి రక్తం కారుతున్న కొడుకును ఎత్తుకొచ్చిన తల్లి ‘చచ్చినోడా, ఎక్కొద్దంటే వినవు గదరా’ అని ఏడుస్తూ తిడుతుంది. ఆ తిట్టు మీద కేసు కట్టబోతే క్యాజువాలిటీలో సగం మంది తల్లులు ముద్దాయిలవుతారు. ఆమె నోరు తిడుతున్నా చెయ్యి కొడుకు తల వదలదు. చూడాల్సింది ఆ చేతిని. గొంతు పెంచకుండా, నవ్వుతూనే ‘ఇది మా ఇంటికి పట్టిన శని డాక్టరుగారూ, దీనికేమీ కాదు’ అని పిల్ల వినేలా చెప్పి ఫోన్ చూసుకునే మనిషి దగ్గర ఆ చెయ్యి ఉండదు. పక్క తడుపుతోందని ఆరేళ్ల పిల్లను వరండాలో పడుకోబెట్టామని గొప్పగా చెప్పేవాళ్లూ, అది జబ్బు, మొండితనం కాదని డాక్టర్ చెప్పాక కూడా శిక్ష మానని వాళ్లూ ఉంటారు. ఇద్దరు పిల్లలతో వచ్చి ఒకరిని ఒళ్లో, ఒకరిని గుమ్మం బయట ఉంచేవాళ్లూ ఉంటారు.

ఈ చూపును నమ్ముకోకపోతే ఏమవుతుందో చెప్పే కేసు విక్టోరియా క్లింబీది. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో 1991లో పుట్టిన ఈ పాపను, మంచి చదువు చెప్పిస్తానని తండ్రికి అత్త వరసయ్యే బంధువు 1998లో ఐరోపాకు తీసుకెళ్లింది. 1999 ఏప్రిల్‌లో ఇద్దరూ లండన్ చేరారు. ఆ జూలైలోనే పాప పది రోజుల తేడాతో రెండు ఆస్పత్రుల్లో చేరింది. మొదటిచోట చూసిన జూనియర్ డాక్టర్ ఇవి ఎవరో చేసిన గాయాలేనని అనుమానించాడు. పై డాక్టర్ వచ్చి గజ్జి అని తేల్చడంతో మర్నాడే పాప ఆ ఇంటికే తిరిగి వెళ్లింది. రెండోసారి ముఖం, తల మీద వేడినీళ్లు పడి కాలిన గాయాలు. గజ్జి దురద తట్టుకోలేక పాపే పోసుకుందని అత్త చెప్పింది. అక్కడ విక్టోరియా దాదాపు రెండు వారాలు వార్డులో ఉంది.

ఆ రెండు వారాల్లో నర్సులు చూసింది మానసిక హింస గురించి ఏ పాఠ్యపుస్తకం చెప్పగలిగినదాని కన్నా స్పష్టంగా ఉంది. మామూలప్పుడు పాప వార్డంతా హుషారుగా తిరుగుతూ అందరికీ చేరువైంది. అత్త రాగానే మంచం దిగి అటెన్షన్‌లో నిలబడేది. భయంతో పక్క తడిపేసుకునేది. వాళ్ల తీరు యజమాని, పనిమనిషి లాగా ఉందని నర్సులకు తోచింది. స్నానం చేయించినప్పుడు ఒంటి మీద మచ్చలూ చూశారు. కానీ ఇందులో చాలా భాగం కేస్ షీట్‌లోకి ఎక్కలేదు. ఒక షిఫ్టు చూసింది ఇంకో షిఫ్టుకు, వార్డు చూసింది సామాజిక కార్యకర్తకు పూర్తిగా అందలేదు. ఆగస్టులో పాపను అత్తతోనే పంపేశారు. 2000 ఫిబ్రవరి 25న, ఎనిమిదేళ్ల వయసులో విక్టోరియా చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు లెక్కకొచ్చాయి. అత్తకూ ఆమెతో ఉన్న మగమనిషికీ 2001లో జీవితఖైదు పడింది. లార్డ్ లేమింగ్ విచారణ సంఘం 2003లో 108 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. బ్రిటన్ 2004 బాలల చట్టం దాని వెంటే వచ్చింది. ఆ సిఫారసుల్లో పెద్ద భాగం కొత్త పరీక్షల గురించి కాదు. చూసింది రాయడం, రాసింది చేరవేయడం, పిల్లతో విడిగా మాట్లాడడం, ఇంతే.

నిర్లక్ష్యం ఇంకో దారిలో క్యాజువాలిటీకి వస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన కిరోసిన్ తాగిన ఏడాదిన్నర బాబు, పత్తిచేను మందు డబ్బాతో ఆడుకున్న పాప, నీళ్ల సంపులో పడిన పిల్ల, పొయ్యి మీది గంజి ఒలికి కాలిన చెయ్యి మన ఆస్పత్రులకు కొత్త కాదు. (కిరోసిన్ తాగిన పిల్లకు వాంతి చేయించకూడదు. వాంతితో పాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం అదే.) ఇలాంటిది ఒకసారి జరిగితే ప్రమాదం, ఎంత జాగ్రత్తపరుల ఇంట్లోనైనా జరుగుతుంది. ఆర్నెల్లలో రెండోసారి, మూడోసారి వచ్చిందంటే ఆ ఇంట్లో పిల్లను కనిపెట్టుకునేవాళ్లు లేరన్నమాట. పుండు పట్టి పురుగులు చేరేదాకా తీసుకురాకపోవడం, ఉబ్బసం మందు రాసిచ్చినా కొనకపోవడం, మూర్ఛ మాత్రలు మధ్యలో ఆపేసి మళ్లీ ఫిట్స్‌తో రావడం, పుచ్చి చీము పట్టిన పళ్లు, ఎన్నాళ్లకూ తగ్గని గజ్జి, చలికాలంలో ఒంటి మీద పల్చటి చొక్కా కూడా ఇదే వరసలోవి.

అసలు కష్టం ఇక్కడే. పైన చెప్పిన జాబితా చదివితే పేదరికం జాబితాలా ఉంటుంది. ఇటుక బట్టీకి వలస వచ్చిన కుటుంబంలో పిల్లలందరికీ గజ్జి ఉంటుంది. కూలీ పోతే పూట గడవని తల్లి జ్వరం మూడో రోజుకు గానీ రాలేదు. రావడానికి బస్సు లేదు, వచ్చాక రాసిన సిరప్ కొనడానికి డబ్బు లేదు. పిల్లను ఎనిమిదేళ్ల అక్కకు అప్పగించి పత్తి ఏరడానికి పోయిన తల్లికి వేరే దారి ఏముంది? ఆమెను నిర్లక్ష్యపు తల్లి అనడం అన్యాయం, అది వైద్యం కూడా కాదు. మరోవైపు, కారులో వచ్చిన కుటుంబంలో నిర్లక్ష్యం ఉండదనుకోవడం అంతే తప్పు. ఖరీదైన బట్టలు వేసుకున్న పదేళ్ల పిల్ల రెండేళ్లుగా అన్నం మానేస్తూ పోతోందని పనావిడకు తెలుసు, తల్లిదండ్రులకు తెలియదు. ఇంట్లో ఉన్నదాంట్లో ఈ పిల్లకు దక్కింది ఎంత అన్నదే తూకం. అందరూ బక్కచిక్కి ఉన్న ఇంట్లో పిల్ల బక్కగా ఉంటే అది రేషన్ సమస్య. అన్నదమ్ములు బాగుండి ఈ ఒక్క ఆడపిల్ల బరువు మాత్రం ఏడాదిగా కదలకపోతే అది వేరే సంగతి.

ఆ తూకానికి ఒక సాధనం చాలా ఇళ్లలో ఉంటుంది, అంగన్‌వాడీలో బరువు తూచి గీత గీసే తల్లీబిడ్డల కార్డు. టీకాలు ఏ నెలలో ఆగాయో, బరువు గీత ఏ నెల నుంచి పడుకుందో అందులో తెలుస్తుంది. ఆ నెలలో ఇంట్లో ఏం జరిగిందని అడిగితే చాలాసార్లు జవాబు వస్తుంది. తల్లి పోయింది, తండ్రి గల్ఫ్‌కు వెళ్లాడు, రెండో పెళ్లి అయింది, తాగుడు మొదలైంది. ఊళ్లోని ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ చేస్తే మిగతాది తెలుస్తుంది. ఖరీదైన స్కానింగ్ కన్నా ఈ ఫోన్ ఎక్కువ చెబుతుంది, కాకపోతే దానికి బిల్లు వేయలేరు.

పెద్ద పిల్లలు వేరే రూపంలో వస్తారు. కడుపునొప్పి, తలనొప్పి, ఉన్నట్టుండి పడిపోవడం, ఊపిరి ఆడట్లేదనడం. పరీక్షలన్నీ బాగుంటాయి, ‘ఏమీ లేదు, నటిస్తోంది’ అని ఇంటికి పంపుతారు, నెల తిరక్కుండా మళ్లీ వస్తారు. ఆత్మహత్యకు ప్రయత్నించి వచ్చిన పిల్లల విషయంలో ఇంటివాళ్లు పరువుకు భయపడి ‘పొరపాటున తాగింది’ అని చెప్పడం మామూలు. కేసవుతుందన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించమంటుంది, శిక్షించమనదు. ఒంటికి వైద్యం చేసి పంపేస్తే సగం పనే అయినట్టు. మార్కుల కోసం రోజూ పోలికలు, ప్రేమ వ్యవహారం తెలిసి గదిలో బంధించడం, చదువు మాన్పించి పెళ్లి చేస్తామన్న బెదిరింపు, వీటి గురించి ఆ పిల్ల అమ్మానాన్నల ముందు చెప్పదు. తెర వేసి, తోడున్నవాళ్లను టీకి పంపి, పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. మానసిక సాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎవరు తీసుకొచ్చారన్నది కూడా ఒక లక్షణమే. పనికి కుదిరిన పన్నెండేళ్ల పిల్లను యజమానురాలు తెస్తుంది, ‘మా ఇంట్లో పిల్లలాగే చూసుకుంటాం’ అంటుంది, పిల్ల ఇంటిపేరు మాత్రం చెప్పలేదు. పద్నాలుగేళ్లు నిండని పిల్లను ఇంటిపనికి పెట్టుకోవడమే నేరం కాబట్టి అక్కడ ఇంకో అనుమానం కోసం వెతకనక్కర్లేదు. హాస్టల్ పిల్లను వార్డెన్ తెస్తే, తల్లిదండ్రులకు ఎప్పుడు ఫోన్ చేశారో రాసుకోవాలి.

పిల్ల అసలు రాకుండానే పిల్ల సంగతి తెలుసుకోవచ్చని చూపించింది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం. అక్కడి ఎమర్జెన్సీ విభాగాల్లో 2007లో ఒక పద్ధతి మొదలైంది. భర్త కొట్టాడని వచ్చిన భార్యను, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని, మత్తులో మునిగి వచ్చిన వ్యక్తిని ‘మీకు పిల్లలున్నారా? ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు?’ అని తప్పనిసరిగా అడుగుతారు. ఉంటే బాలల రక్షణ కేంద్రానికి తెలియజేస్తారు. అంతకు ముందు ఈ దారిలో కేసులు రావడం దాదాపు లేదు. పద్ధతి మొదలయ్యాక అవి ఎన్నో రెట్లు పెరిగాయి, అలా వచ్చినవాటిలో పదింట తొమ్మిదింటిలో అనుమానం నిజమేనని తేలింది. 2013లో ఆ దేశం దీన్ని చట్టపరమైన నియమావళిలో చేర్చింది. మన క్యాజువాలిటీలకు రాత్రి పదకొండు తర్వాత వచ్చే తాగుడు కేసులను, చెంప వాచిన ఆడవాళ్లను తలుచుకుంటే, ఒక్క పైసా ఖర్చులేని ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకు అడగకూడదో అర్థం కాదు.

అనుమానం వచ్చాక ఏం చేయాలి? ముందు పిల్ల ప్రాణం, తర్వాతే మిగతాది. తోడొచ్చినవాళ్లను నిలదీయకూడదు. నిలదీస్తే చెప్పకుండా పిల్లను తీసుకుపోతారు, ఇంటికెళ్లాక ఆ కోపం పిల్ల మీదే పడుతుంది. పిల్లను అడిగేటప్పుడు ‘అమ్మ కొట్టిందా?’ అని నోట్లో మాట పెట్టకుండా ‘ఇంట్లో ఎవరితో ఉంటావు? రాత్రి అన్నం ఎవరు పెట్టారు? భయమేస్తే ఎవరి దగ్గరికి పోతావు?’ అని అడగాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలుపుకోవడం కుదరదు. ఇంటికి పంపడం మంచిది కాదనిపిస్తే, ఏదో ఒక వైద్య కారణంతో వార్డులో ఒక రాత్రి ఉంచడం పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో పాటిస్తున్న ఉపాయం. ఆ రాత్రిలో చాలా తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది రాత. ‘తల్లి నిర్లక్ష్యంగా ఉంది’ అని కేస్ షీట్‌లో రాస్తే అది తీర్పు, రేపు కోర్టులో నిలవదు. ‘రాత్రి 9.40 నుంచి 11 దాకా పాప పక్కన ఎవరూ లేరు. రెండుసార్లు వాంతి అయింది, నర్సు శుభ్రం చేసింది. తల్లి వచ్చి ఇంకా అయిపోలేదా అని అడిగింది. పాప తల్లి వైపు చూడలేదు’ అని రాస్తే అది సమాచారం. పిల్ల అన్న మాటను పిల్ల మాటల్లోనే, యాసతో సహా రాయాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2009 మార్గదర్శకాలు డాక్టర్ అనుమానాన్ని రెండు మెట్లుగా చూడమంటాయి. హింస కూడా ఒక కారణం కావచ్చని అనిపిస్తే అది మొదటి మెట్టు, అక్కడ పాత రికార్డులు చూడాలి, సీనియర్‌తో మాట్లాడాలి, మళ్లీ రమ్మనాలి. బలంగా అనిపిస్తే రెండో మెట్టు, అక్కడ బాలల రక్షణ వ్యవస్థకు తెలియజేయాలి. రుజువు ఏ మెట్టులోనూ డాక్టర్ బాధ్యత కాదు. మనవాళ్లు ‘రుజువు లేకుండా ఎలా’ అని ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

ఈ ఆగిపోవడం మన దేశంలో ఎంత ఖరీదైనదో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడిన ఆ అధ్యయనంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ఇద్దరిలో ఒకరు మానసిక హింస అనుభవించామన్నారు. ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగా. 83 శాతం సందర్భాల్లో అలా చేసింది సొంత తల్లిదండ్రులే. సవతి తల్లి కథలు విని పెరిగిన సమాజం ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. 48.4 శాతం ఆడపిల్లలు తాము మగపిల్లలమై పుట్టి ఉంటే బాగుండేదన్నారు.

చట్టంలో దారి ఉంది. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచగల వారి జాబితాలో నర్సులు, డాక్టర్లు, ఆస్పత్రి యాజమాన్యం పేర్లు విడిగా ఉన్నాయి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో ఆ పని జరగాలి. పిల్ల బాధ్యత ఉన్న మనిషి దాడి చేసినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసి ఒంటికి గానీ మనసుకు గానీ అనవసర బాధ కలిగించినా 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మనసు బాధను చట్టం పేరు పెట్టి చెప్పడం గమనించాలి. లైంగిక హింస అనుమానం ఉంటే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు. 1098 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. 1996లో ముంబైలో మొదలైన ఈ సేవను 2023లో ప్రభుత్వమే చేతిలోకి తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపింది. పిల్ల పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికలకు ఇవ్వడం నేరం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదంతా వేరే అనుభవం. అక్కడ ప్రతి రాష్ట్రంలోనూ డాక్టర్, నర్సు అనుమానాన్ని తెలియజేయక తప్పదు. మంచం మీంచి పడిన బిడ్డతో ఎమర్జెన్సీకి వెళ్తే ‘అప్పుడు గదిలో ఎవరున్నారు?’ అని ముగ్గురు మూడుసార్లు అడుగుతారు. అవమానంగా తీసుకుని కోప్పడే తండ్రులున్నారు. ఆ ప్రశ్నలు రంగు చూసి, దేశం చూసి అడిగేవిగా కాకుండా అందరినీ అడిగేవిగా ఉండాలన్నదే ఆ పద్ధతి ఉద్దేశం. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప చేయాల్సింది ఏమీ లేదు.

ఫిర్యాదు చేస్తే పిల్లను తల్లి నుంచి లాక్కుని హోమ్‌లో పడేస్తారన్న భయం సిబ్బందిలోనూ ఉంది, ఇరుగుపొరుగులోనూ ఉంది. చట్టం చెప్పేది వేరు. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం, ముందు చూడాల్సింది కుటుంబమే. కమిటీ సామాజిక విచారణ చేయించి, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇప్పించి పిల్లను వాళ్లకే అప్పగించవచ్చు, లేదా అమ్మమ్మ, మేనమామ లాంటి దగ్గరివాళ్లకు అప్పగించి జిల్లా బాలల పరిరక్షణ విభాగం (డీసీపీయూ) ద్వారా ఇంటికి వెళ్లి చూస్తూ ఉండేలా ఏర్పాటు చేయవచ్చు. నిర్లక్ష్యమని కనిపించింది నిజానికి లేమి అని విచారణలో తేలితే, మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. భర్త పోయిన తల్లులు, తీవ్రమైన జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు, తాతల దగ్గర పెరిగే అనాథలు దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. మూడోసారి పుండుతో క్యాజువాలిటీకి వచ్చిన పిల్ల కేస్ షీట్ మీద ‘డీసీపీయూకు తెలియజేయడమైనది’ అని ఒక వాక్యం రాస్తే ఆ దరఖాస్తు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.